నేలలో మిగిలిన మఠం జాడ

ప్రశ్న: రాళ్లన్నీ తరలిపోయిన పాత మఠం ఎక్కడుండేదో ఎలా గుర్తిస్తారు?

జవాబు: ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో 1229లో వెలసిన మిషెలమ్ క్రైస్తవ మఠాన్నే తీసుకోండి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో, 1537లో అది మూతపడ్డాక చర్చి నేలమట్టమైనా, తవ్వకాల్లో పునాదుల జాడలు బయటపడ్డాయి. గోడల రాళ్లను జనం పెకలించుకుపోయిన చోట గుంతల్లో నిండిన వదులు మట్టి, పక్కనున్న గట్టి నేల నడుమ వేరే రంగు చారలా కనిపిస్తుంది. రాళ్లు మిగిలినచోట, ఎండలు ముదిరినప్పుడు, పైనున్న గడ్డి ముందుగా పసుపు బారుతుంది. మఠం చుట్టూ తవ్విన కందకంలో మాత్రం నేటికీ నీళ్లున్నాయి. నా దృష్టిలో ఇలాంటి కందకాల అడుగు బురదే అసలు నిధి. గాలి చొరని ఆ నల్లటి ఒండ్రులో చెప్పుల తోలు, కొయ్యముక్కలు, పండ్ల గింజలు సైతం వందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలుస్తాయి.