సంక్రాంతి సెలవుల్లో తేలినీలాపురం, తేలుకుంచి రెండూ ఒకేరోజు చూడొచ్చా?

విజయనగరం నుంచి పిల్లలతో బయలుదేరి, సంక్రాంతి సెలవుల్లో ఒక్కరోజులో శ్రీకాకుళం జిల్లాలోని ఈ రెండు పక్షుల ఊళ్లూ చుట్టేసి "సైబీరియా పక్షుల్ని" చూడాలని అడిగారు. ఏ కెమెరా తెచ్చుకోవాలనీ అడిగారు.

ముందు తేలుకుంచి తీసేయండి. అక్కడ గూళ్లు కట్టేవి ఓపెన్‌బిల్ కొంగలు. తొలకరితో దిగుతాయి, పిల్లల్ని లేపుకుని చలి ముదిరేలోపే వెళ్లిపోతాయి. వరి మడుల్లో నీళ్లు నిలిస్తేనే నత్తలు, నత్తలుంటేనే పిల్లలకి తిండి. అందుకే అది ఆగస్టు, సెప్టెంబరు ప్రయాణం. ఇచ్ఛాపురం వైపు అప్పుడు వెళ్లండి. ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనిపిస్తే పెద్ద పక్షి. సందు లేదంటే ఆ ఏడు పుట్టిన పిల్ల.

తేలినీలాపురానికి మాత్రం మీ తేదీలు చక్కగా సరిపోతాయి. పెలికాన్లు, అంటే మన గూడబాతులు, వాటితోపాటు ఎర్రకాళ్ల కొంగలు వర్షాకాలం చివర్లో చేరి ఎండలు ముదిరేదాకా ఉంటాయి. వీటిని సైబీరియా పక్షులని అందరూ అంటారు గానీ ఇవి అక్కడ బతికే పక్షులే కావు. దక్షిణాసియాలోనే నీళ్లు, చేపలు ఉన్నచోటికి తిరుగుతుంటాయి. నిజంగా సైబీరియా దాకా వెళ్లొచ్చేవి పక్కనున్న నౌపడ తంపరలో, అంటే చిత్తడి నేలలో, ఉప్పు మడుల్లో దిగే సూదితోక బాతులు, గుప్పెడంత ఉల్లంకులు. వాటి సంగతి కింద చెప్తాను.

కారులో అయితే హైవే మీద టెక్కలి వచ్చి నౌపడ రోడ్డు పట్టుకోండి. రైల్లో అయితే విశాఖ–పలాస ప్యాసింజర్ నౌపడలో ఆగుతుంది, అక్కణ్నుంచి ఆటో. కానీ పిల్లలతో పొద్దున్నే చేరాలంటే ముందురాత్రి టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో పడుకోవడం మేలు.

అసలు విషయం వేళ. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, అప్పటికి ఊళ్లో ఉండాలి. పెలికాన్ బరువైన పక్షి, నాలుగు కిలోల పైమాటే. నేల వేడెక్కి గాలి పైకి లేచాక ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ ఎత్తుకెళ్లి, అటునుంచి చేపల నీళ్లకి పోతుంది. పదకొండింటికి తీరుబడిగా వచ్చినవాళ్లు సగం ఖాళీ చెట్లు చూసి "పక్షులే లేవు" అని వెళ్లిపోతున్నారు. మళ్లీ సందడి మొదలయ్యేది సాయంత్రం నాలుగు తర్వాతే.

ఎక్కువ చెట్లు చూడాలని తిరగకండి. పిల్లలున్న ఒక్క గూడు ఎంచుకుని అరగంట నిలబడండి. పెలికాన్ పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంది, బయటికి మెడ మాత్రమే కనిపిస్తుంది. ఎర్రకాళ్ల కొంగ అలా కాదు, చేపల్ని గూటిలో కక్కితే పిల్లలు ఏరుకుంటాయి. ఎండ పెరిగాక అదే కొంగ రెక్కలు చాపి పిల్లలకి నీడ పడుతుంది, నోట్లో నీళ్లు తెచ్చి వాటి మీద వదులుతుంది. మీ పిల్లలకి ఇవి చూపించండి, ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

గూళ్లున్న చింతచెట్లు ఇళ్ల మధ్యే ఉంటాయి. పెరట్లో అడుగు పెట్టేముందు ఇంటివాళ్లని అడగండి. ఈ పక్షులు బతుకుతున్నది ఆ ఊరివాళ్లు చెట్లు కొట్టకుండా, రెట్ట వాసన భరిస్తూ కాపాడుతున్నందుకే. చెట్టు కింద నిలబడితే రెట్ట, చేపముక్కలు మీద పడతాయి, టోపీ తప్పనిసరి. పండగ టపాసులు, డ్రోన్లు అస్సలు వద్దు. పెద్దవి బెదిరి లేచిన ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, పిల్లలు గూటి అంచు నుంచి జారిపడతాయి. కింద పడ్డ పిల్లకి బిస్కెట్లూ నీళ్లూ పెట్టకుండా అటవీ శాఖ వాచర్‌కి చెప్పండి. చచ్చిన పక్షి కనిపించినా అంతే, చేత్తో ముట్టుకోవద్దు. 2022 మొదట్లో ఇక్కడ గూడబాతులు నులిపురుగుల వల్ల చాలా చనిపోయాయి. అలాంటి కబురు ఎంత త్వరగా అందితే అంత మంచిది.

బైనాక్యులర్ 8×42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, చాలు. 12 రెట్లది చేతిలో వణుకుతుంది, పిల్లలు అసలు పట్టుకోలేరు. కెమెరాకి 300 ఎంఎం లెన్సు, ఎగిరే పక్షికి 1/1000 సెకను షట్టర్. తెల్లటి ఆకాశం ముందు పక్షి నల్లగా పడుతుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. అదే పక్షి ముదురాకుల ముందుంటే తెల్ల ఈకలు కాలిపోతాయి, అప్పుడు తగ్గించాలి. ఫోనే ఉంటే ఫొటోల కోసం జూమ్ లాగకండి, వీడియో తీయండి.

పక్షులు పలచబడ్డాక, తొమ్మిదిన్నర ప్రాంతంలో, తంపర వైపు కదలండి. బురదలోకి దిగొద్దు, పైన గట్టిగా కనిపించినా మోకాలిదాకా దిగబడుతుంది. రోడ్డు మీదే ఆగి, సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని, కారు చాటు నుంచి చూడండి. మనిషి దిగితే లేచిపోయే బాతులు కారుని పట్టించుకోవు.