ఏసీ చప్పుడు ఎప్పుడొస్తందో చూడు, తర్వాత మెకానిక్‌ని పిలు

అమ్మలూ,

మొన్న రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి "మావయ్యా, ఏసీలో ఎవరో నీళ్ళు పుక్కిలిస్తన్నట్టు గుడగుడమంటంది" అన్నావు, నిద్రమత్తులో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తన్నా. ముప్పయ్యేళ్ళు భీమవరం, పాలకొల్లు, నర్సాపురం మధ్య బండికి నిచ్చెన కట్టుకుని తిరిగినోణ్ణి కదా, అన్నీ విన్నా ఈ చెవులతో.

ముందు ఒకటి గుర్తు పెట్టుకో. చప్పుడు ఎలా ఉందన్నదానికన్నా ఎప్పుడొస్తంది, ఎక్కణ్ణుంచి వస్తంది అన్నదే అసలు సంగతి. ఆన్ చేసినప్పుడా, నడుస్తన్నప్పుడా, ఆపేశాకా? గదిలో పెట్టె లోంచా, బయట గోడకున్నదాన్లోంచా? ఇది చెప్తే సగం రిపేరు ఫోన్లోనే అయిపోద్ది.

నీ గుడగుడ సంగతే చూద్దాం. ఆపేసిన రెండు మూడు నిమిషాల్లో వచ్చి దానంతటది తగ్గిపోతే అది చల్లదనం తెచ్చే గ్యాసు, పైపుల్లో అటూ ఇటూ ప్రెషర్ సర్దుకుంటంది, దాన్ని పట్టించుకోకు. అలా కాకుండా ఏసీ ఆగి ఉన్నా, నడుస్తన్నా ఉండుండి పొటపొటమంటా వస్తంటే మాత్రం వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుందేమో చూడు. పాలకొల్లులో ఒకళ్ళింట్లో ఇదే గొడవ, నేను గదిలో పెట్టె రెండుసార్లు విప్పా, నీళ్ళ పైపు ఊదా, గ్యాసు చూశా, మూడురోజులు తిరిగా, ఏమీ దొరకలేదు. చివరికి ఆ ఇంటి పెద్దావిడ "చేపలు వేపినప్పుడే వస్తందయ్యా" అంది. అంతే, వెలిగింది నాకు. తలుపులు కిటికీలు అన్నీ బిగించేసి ఎగ్జాస్ట్ వేస్తే ఇంట్లో గాలి బయటకి పోద్ది, ఆ లోటు పూడ్చుకోడానికి బయటి గాలి ఏసీ నీళ్ళ పైపులోంచి లోపలికి వస్తా ట్రేలో నీళ్ళని బుడగలు బుడగలుగా పొంగిస్తది. కిటికీ నాలుగు వేళ్ళు తీస్తే ఆగిపోయింది. ఆవిడ దగ్గర డబ్బులు తీసుకోడానికి మొహం చెల్లలేదు.

టప్ టప్ మని ప్లాస్టిక్ విరిగినట్టు వినపడితే భయపడకు, చల్లబడ్డప్పుడు ముడుచుకుని, వేడెక్కినప్పుడు సాగి అలా అంటది. ఇన్వర్టర్ ఏసీ అయితే జుయ్ మంటా స్వరం మారుస్తా ఉంటది, అది కంప్రెసర్, అంటే బయట పెట్టెలో గ్యాసుని నొక్కే మోటారు, స్పీడు మార్చుకోడం. ఆపి వెంటనే ఆన్ చేస్తే మూడు నిమిషాలదాకా చల్లగాలి రాదు, అది కూడా పాడవడం కాదు.

ఇప్పుడు అశ్రద్ధ చెయ్యకూడనివి. బయట యూనిట్ గుంయ్ మని మూలిగి కొన్ని సెకన్లకి టక్ మని ఆగిపోయి, కాసేపాగి మళ్ళీ అలాగే చేస్తంటే వెంటనే ఆపెయ్, కరెంటు బోర్డులో దాని ఎంసీబీ స్విచ్ కూడా దించెయ్. కంప్రెసర్ లేవలేకపోతంది. పాత రకం, ఇన్వర్టర్ కాని ఏసీల్లో చాలాసార్లు కంప్రెసర్ తిరగడానికి ఊపిచ్చే కెపాసిటరే పోయి ఉంటది, చిన్న ఖర్చు. నేను పని నేర్చుకున్న కొత్తలో దీన్నే కంప్రెసర్ పోయిందని చెప్పి ఒకాయన చేత పెద్ద ఖర్చు పెట్టించా, ఇప్పటికీ గుచ్చుకుంటది. అందుకే ఎవడైనా రాగానే కంప్రెసర్ అంటే, కెపాసిటర్ మీటర్ పెట్టి చూశావా బాబూ అని అడుగు. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు, కరెంటు తీసేసినా అందులో ఛార్జ్ ఉండిపోద్ది.

కెపాసిటర్ బాగుంటే వోల్టేజీ చూడాలి. 230 రావాల్సింది, మే నెలలో చేపల, రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరిగే రాత్రుళ్ళు 170, 180 దాటనిది నా మీటర్లో ఎన్నిసార్లు చూశానో. అప్పుడు స్టెబిలైజర్ కటకటా కొట్టుకుంటది. అది దాని తప్పు కాదు పాపం, కానీ అలా గంటల తరబడి కొట్టుకుంటంటే ఏసీ కాసేపు ఆపి ఫ్యాన్ కింద పడుకోండి.

సుయ్ మని సన్నగా బుస కొడతా, చల్లదనం తగ్గి, పైపు మీద మంచు కడితే గ్యాసు కారుతుందని అనుమానించాలి, అయితే ఫిల్టర్ మట్టితో మూసుకుపోయినా మంచు కడతది, ముందు అది కడిగి చూడు. గ్యాసు పెట్రోలు లాగా వాడితే అయిపోయేది కాదమ్మా. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ప్రతి ఏడూ గ్యాసు కొట్టి డబ్బులు పట్టుకెళ్ళేవాణ్ణి, చిల్లు ఎక్కడో చూపించమని నిలదియ్. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 రకం గ్యాసుకి కొద్దిగా అంటుకునే గుణం కూడా ఉంది, అనుమానం ఉన్నప్పుడు ఆపేసి కిటికీలు తియ్.

దడదడ అనేది మన కోనసీమలో మామూలే. మీది అంతర్వేది పక్క, ఉప్పుగాలికి బ్రాకెట్ బోల్టులు తుప్పు పట్టి లూజవుతాయి, లేదంటే రెండు కాపర్ పైపులు ఒకదానికొకటి తగిలి కొట్టుకుంటాయి. పైపుల మధ్య రబ్బరు ముక్క పెట్టిస్తే చాలు, కానీ బోల్టు తుప్పు మాత్రం వాయిదా వెయ్యొద్దు, అంత బరువు కింద పిల్లలు ఆడుకుంటారు. కొబ్బరి మట్ట పడి ఫ్యాన్ గ్రిల్ వంగినా టకటకా తగుల్తది. ఒక్కోసారి ఏ చప్పుడూ లేకుండా ఆగిపోద్ది, విప్పితే బోర్డు మీద కాలిపోయిన బల్లి!

అన్నట్టు మీ గీజర్ మరిగే పాలలాగా సణుగుతుందన్నావు, అది బోరు నీళ్ళ సున్నం రాడ్డుకి పట్టడం, విప్పి శుభ్రం చేయించు, అంతకన్నా ఏం లేదు.

ఈసారి చప్పుడు వస్తే ఫోన్ దగ్గరగా పెట్టి అర నిమిషం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపు, టైము కూడా రాయి. ఆదివారం రాజోలు వైపు పనుంది, వస్తా. నిచ్చెన పక్కింటి వాళ్ళది అడిగి ఉంచు, నా మోకాలు ఇదివరకటిలా లేదు, పైకి మీ ఆయన్నే ఎక్కిస్తా.

మీ మావయ్య