ఫ్రాటర్నిటీలో చేరిన కొడుకు నోరు విప్పకపోతే

ప్రశ్న: మేము అమెరికా వచ్చి నాలుగేళ్ళయింది. మావాడు ఈ ఆగస్టులో కాలేజీలో చేరాడు. సెప్టెంబరు నుంచి ఏదో ఫ్రాటర్నిటీలో ప్లెడ్జింగ్ చేస్తున్నానంటున్నాడు. రాత్రి పదకొండు దాటితే ఫోను ఎత్తడు. ఏం చేయిస్తున్నారురా అంటే "అది చెప్పకూడదమ్మా" అంటాడు. అందులో అందరూ ఇండియన్ పిల్లలేనట. అందుకని మావారు భయం అక్కర్లేదంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించాలా వద్దా అన్నది చివర్లో చూద్దాం. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది "అది చెప్పకూడదమ్మా" అన్న మాట. మందు అలవాటవుతుందేమో, చదువు పాడవుతుందేమో అని అందరికీ టెన్షనే. చాలా ఏళ్ళుగా ఇక్కడి కాలేజీ పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని చూస్తున్న నాకు వాటికన్నా ఆ మాటే ఎక్కువ భయం వేస్తుంది.

ముందు పద్ధతి తెలుసుకోండి. ఫ్రాటర్నిటీ అంటే కాలేజీ మగపిల్లల సంఘం. సెమిస్టరు మొదట్లో "రష్" అని పెడతారు. కొత్త పిల్లల్ని పిలిచి, తిండి పెట్టి, కబుర్లు చెప్పి, నచ్చినవాళ్ళకు "బిడ్", అంటే చేరమన్న ఆహ్వానం, ఇస్తారు. ఒప్పుకున్న పిల్లాడు ప్లెడ్జ్ అవుతాడు. ఈమధ్య చాలా చోట్ల ఆ మాట మానేసి న్యూ మెంబర్ అంటున్నారు. కొన్ని వారాల ఈ ప్లెడ్జింగ్ తర్వాత ఇనిషియేషన్ చేసి పూర్తి సభ్యుడిగా తీసుకుంటారు. అప్పటిదాకా వాడు లోపలివాడూ కాదు, బయటివాడూ కాదు. ఎప్పుడు తీసేస్తారో తెలియదు. ఆ భయమే ఈ మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు. దీన్నంతా ఎత్తేయడం అసాధ్యమేమీ కాదు. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే పెద్ద ఫ్రాటర్నిటీ 2014లో ప్లెడ్జింగే రద్దు చేసింది.

ఫ్రాటర్నిటీలన్నీ చెడ్డవని నేను అనను. కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉన్న పిల్లాడికి తోడు దొరుకుతుంది. ఉద్యోగాల వేళ సీనియర్లు మాటసాయం చేస్తారు. మీవాడు దానికోసమే వెళ్ళి ఉంటాడు. అందులో తప్పు లేదు.

మనకు ర్యాగింగ్ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానికి చట్టం వచ్చింది. ఇక్కడి హేజింగ్, అంటే సంఘంలో చేరాలనుకునేవాళ్ళ చేత భరింపజేసే అవమానాలు, హింస, అదీ అలాంటిదేలే అనుకుంటారు మనవాళ్ళు. తేడా ఉంది. ర్యాగింగ్ చేసేవాళ్ళు కనిపించిన జూనియర్నల్లా పట్టుకుంటారు. ఆ పిల్లాడికి తాను బాధితుణ్ణని తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ మీవాడు తనంతట తానే వెళ్ళాడు, ఎంపికయ్యాడు, అది గొప్పగా కూడా ఉంది. ఏం చేయించినా "నేను ఒప్పుకునే కదా చేరాను" అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. పెన్సిల్వేనియా, టెక్సస్, ఫ్లోరిడా చట్టాలు మాత్రం, బాధితుడు ఒప్పుకున్నాడని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదని స్పష్టంగా రాసుకున్నాయి. ఈ సంగతి మీవాడి చెవిన పడాలి. 2008లో యూనివర్సిటీ ఆఫ్ మెయిన్ పరిశోధకులు 53 కాలేజీల్లో 11,000 మందికి పైగా విద్యార్థులను అడిగితే, క్లబ్బుల్లో, టీముల్లో, ఇలాంటి సంఘాల్లో ఉన్నవాళ్ళలో 55 శాతం మందికి హేజింగ్ అనుభవమైంది. తమకు జరిగింది హేజింగేనని గుర్తించినవాళ్ళలో కూడా 95 శాతం మంది కాలేజీకి చెప్పలేదు.

అందుకే రహస్యం దగ్గరికే మళ్ళీ వస్తున్నాను. రహస్యాల్లో రెండు రకాలున్నాయి. దాదాపు ప్రతి ఫ్రాటర్నిటీకీ తమలో తాము చెప్పుకునే ఒక వాక్యం ఉంటుంది, చేతులు కలిపే తీరు ఉంటుంది, ఇనిషియేషన్ రోజు చదివే మాటలుంటాయి. 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పా పుట్టిన నాటి నుంచి వస్తున్న ఆచారం ఇది. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, మీరు అడగనూ వద్దు. రెండో రకం వేరు. పిల్లాడు రాత్రి ఎక్కడున్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏం తాగించారు, మోచేతికి ఆ దెబ్బ ఎలా తగిలింది, ఎవరికి ఎంత డబ్బు పంపాడు. ఇవి తల్లికి చెప్పకూడదని ఎవరైనా అన్నారంటే అక్కడ జరగకూడనిదేదో జరుగుతోందనే అనుకోవాలి. మీరు మీవాడితో ఇలా అనండి: "మీ ఇనిషియేషన్ సంగతులు నాకు వద్దు నాన్నా. నీ ఒంటి సంగతి, నీ నిద్ర సంగతి, నువ్వెక్కడున్నావన్న సంగతి దాచమని ఎవరైనా అంటే మాత్రం ఆ మాట వినకు."

ఈ రహస్యం ఎంత దూరం తీసుకుపోతుందో 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో తెలిసింది. తిమోతీ పియాజా అనే 19 ఏళ్ళ కుర్రాడు బీటా థీటా పై ఫ్రాటర్నిటీలో బిడ్ ఒప్పుకున్న రాత్రే అతని చేత 82 నిమిషాల్లో 18 డ్రింకులు తాగించారు. బేస్‌మెంటు మెట్ల మీద నుంచి పడిపోయాడు. తీసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. వెల్లకిలా దొర్లకుండా పుస్తకాలు నింపిన బ్యాగు వీపుకు తగిలించారు. ఆసుపత్రికి తీసుకెళ్దామని గట్టిగా అన్న కుర్రాణ్ణి పక్కకు నెట్టేశారు. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోను వెళ్ళేసరికి దాదాపు 12 గంటలు గడిచాయి. రెండు రోజులకు ఆ పిల్లాడు పోయాడు. ఆ ఇంట్లో కెమెరాలు ఉండబట్టి ఇదంతా బయటికొచ్చింది. అక్కడున్నవాళ్ళందరూ మన పిల్లల్లాగే చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. అతను చనిపోవాలని ఏ ఒక్కరూ కోరుకుని ఉండరు. అయినా ఒక్క ఫోను చెయ్యడానికి రాత్రంతా పట్టింది.

ఇక మీవారి మాట. అందరూ ఇండియన్ పిల్లలే కదా అన్న ధైర్యం చాలామంది తండ్రులు చెప్పుకుంటారు. ఆసియా పిల్లల కోసం అంతకుముందు నుంచే ఉన్నా, 1990ల నుంచి దక్షిణాసియా పిల్లల కోసం ప్రత్యేకంగా ఫ్రాటర్నిటీలు, ఆడపిల్లలకు సొరోరిటీలు వచ్చాయి. మన పండగలు, మన పాటలు, మన తిండి ఉంటాయి కాబట్టి తల్లిదండ్రులకు మనసు కుదుటపడుతుంది. మీవారికి మైకేల్ డెంగ్ సంగతి చెప్పండి. న్యూయార్క్ బరూక్ కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న 19 ఏళ్ళ చైనీస్ కుర్రాడు. చేరింది పై డెల్టా సై అనే ఆసియన్ అమెరికన్ ఫ్రాటర్నిటీలో. 2013 డిసెంబరులో పెన్సిల్వేనియాలో పోకొనో కొండల దగ్గర ఒక అద్దె ఇంటికి తీసుకెళ్ళారు. కళ్ళకు గంతలు కట్టి, ఇసుక నింపిన బరువైన బ్యాగు వీపున వేసి, చలికి గడ్డకట్టిన పెరట్లో నడిపిస్తూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి గుద్ది పడేశారు. ఈ దేశంలో ఆసియా వాళ్ళు పడిన కష్టాలు తెలియాలన్నది ఆ తంతుకు వాళ్ళు చెప్పుకునే అర్థం. స్పృహ తప్పాక కూడా 911కి చెయ్యలేదు. బట్టలు మార్చి, ఆ లక్షణాలేమిటో ఇంటర్నెట్లో వెతికి, ఆలస్యంగా తామే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు చనిపోయాడు. 37 మంది మీద కేసులు పెట్టారు. ఆ ఫ్రాటర్నిటీ సంస్థనే కోర్టు 2017లో దోషిగా తేల్చింది, ఆ తర్వాత పదేళ్ళపాటు పెన్సిల్వేనియాలో అడుగుపెట్టకుండా నిషేధించింది.

మనవాళ్ళ మధ్య అయితే ఇంకో చిక్కు కూడా ఉంటుంది. మీవాణ్ణి అజమాయిషీ చేసే సీనియర్ తల్లిదండ్రులు మీ ఊరి గుడికే వస్తుండవచ్చు, ఉగాది సంబరాల్లో మీ పక్కనే కూర్చుని ఉండవచ్చు. వాడి మీద ఫిర్యాదు చేస్తే రెండు కుటుంబాల మధ్య గొడవవుతుందని మీవాడికి తెలుసు. మీకు చెప్తే "ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అంటారేమోనన్న అనుమానమూ ఉంటుంది. ఆ మాట మీ ఇంట్లో మీరు ఎప్పుడైనా అని ఉంటే, అది పిల్లల విషయంలో వర్తించదని ఇప్పుడు నోరు తెరిచి చెప్పండి.

మీవారు కూడా వాడితో ఒక మాట అనాలి. మన ఇళ్ళల్లో పిల్లలు ఎక్కువగా జంకేది తండ్రి కోపానికే. "ఏ రాత్రయినా, ఏ స్థితిలో ఉన్నా ఫోను చెయ్యి. వచ్చి తీసుకొస్తాను. ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడగను." ఇది ఆయన నోటితోనే రావాలి. దాంతోపాటు ఒక సంకేతం పెట్టుకోండి. వాడు ఇంటి గ్రూపులో "అమ్మమ్మకు ఎలా ఉంది?" అని పెడితే చాలు, మీరు వెంటనే ఫోను చేసి అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదు, బయల్దేరి రమ్మనాలి. నలుగురి ముందూ పిరికివాడు అనిపించుకోకుండా బయటపడే దారి అది. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఆ పరువు చాలా పెద్దది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కనిపెట్టుకుని ఉండాల్సిన రాత్రులు కొన్ని ఉన్నాయి. ఒకటి బిడ్ ఒప్పుకున్న రాత్రి. రెండోది "బిగ్ లిటిల్" రాత్రి, అంటే ప్రతి కొత్త పిల్లాడికీ ఒక సీనియర్‌ను అన్నగా కేటాయించే రాత్రి. ఆ అన్న ఒక సీసా చేతికిచ్చి ఖాళీ చేయమనడం చాలా చోట్ల ఆనవాయితీ. 2017లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఆండ్రూ కాఫీ, 2021లో వర్జీనియా కామన్‌వెల్త్‌లో ఆడమ్ ఓక్స్, అదే ఏడాది ఒహైయోలోని బౌలింగ్ గ్రీన్‌లో స్టోన్ ఫోల్ట్స్ అలాంటి రాత్రుల తర్వాతే చనిపోయారు. మూడోది ఇనిషియేషన్‌కు ముందు వారం. ఊరి బయట అద్దె ఇంటికి వారాంతం తీసుకెళ్తున్నారంటే అడ్రసు ముందే తీసుకోండి. ఫోన్లు లాక్కుంటారని వింటే వెళ్ళొద్దనే చెప్పండి.

మందు గురించి వాడికి ఉపన్యాసం ఇవ్వడం కన్నా ప్రాణం కాపాడే సంగతులు చెప్పడం మేలు. స్పృహ తప్పినవాణ్ణి "పడుకుంటే దిగిపోతుంది" అని వదిలేయకూడదు. కడుపులో ఉన్న మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. లేపితే లేవకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, ఒళ్ళు చల్లబడి పెదవులు నీలంగా మారినా వెంటనే 911. వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరే ఉండాలి. ఫోను చేస్తే తన మీదే కేసు పడుతుందని పిల్లలు జంకుతారు. ఆపదలో సాయం కోసం పిలిచిన, 21 ఏళ్ళు నిండని పిల్లల మీద మందు కేసు పెట్టకుండా చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. మీ రాష్ట్రంలో ఏముందో చూసి వాడికి చెప్పండి.

వాడు చెప్పకపోయినా మీరు తెలుసుకోగలిగినవి ఉన్నాయి. 2024 డిసెంబరులో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ అనే కేంద్ర చట్టం వచ్చింది. హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు, ఏం జరిగింది, ఏ చర్య తీసుకున్నారు అన్నవి కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. మీ కాలేజీ పేరుతో హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ అని వెతకండి. ఆ చాప్టర్‌కు, అంటే మీ కాలేజీలోని ఆ ఫ్రాటర్నిటీ శాఖకు, ఇప్పుడు గుర్తింపు ఉందో లేదో ఫ్రాటర్నిటీల వ్యవహారాలు చూసే గ్రీక్ లైఫ్ ఆఫీసుకు ఫోను చేసి అడగండి, మీ పేరు కూడా చెప్పక్కర్లేదు. గుర్తింపు రద్దయినా క్యాంపస్ బయట దొంగచాటుగా నడిచే చాప్టర్లు ఉంటాయి. అలాంటిదని తేలితే ఇక ఆలోచించవద్దు.

మీలాంటి కుటుంబాలు మర్చిపోయే సంగతి ఇంకొకటి. ఈ ఏడాది హేజింగ్ భరించిన పిల్లాడు వచ్చే ఏడాది చేయించేవాడవుతాడు. అప్పుడు కేసు వాడి మీద పడుతుంది. టెక్సస్‌లో అయితే హేజింగ్ జరుగుతోందని స్వయంగా తెలిసి కాలేజీకి చెప్పకపోవడం కూడా నేరమే. గ్రీన్ కార్డు లేని పిల్లాడి మీద కేసు పడితే అది చదువుతో ఆగదు, వీసాదాకా వస్తుంది. అలాంటిది ఏదైనా జరిగితే క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరునూ అదే రోజు కలవాలి.

కాగితాల పని కూడా ఒకటుంది. పద్దెనిమిది నిండాక పిల్లాడి ఆసుపత్రి వివరాలు, కాలేజీ వివరాలు వాడి అనుమతి లేకుండా మీకు చెప్పనక్కర్లేదని ఇక్కడి చట్టం. వాడి తరఫున వైద్యం గురించి మీరు నిర్ణయించడానికి మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఆసుపత్రి వివరాలకు హిపా అనుమతి పత్రం, కాలేజీ వివరాలకు ఫెర్పా పత్రం మూడూ వాడి చేత సంతకం పెట్టించి స్కాన్ చేసి ఫోన్లో ఉంచుకోండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీ రూము నుంచి కబురొస్తే అవే పనికొస్తాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఫీజు ఆపేస్తానని బెదిరించి మాన్పించకండి. మానేశానని చెప్పి వెళ్తూనే ఉంటాడు, మీరిద్దరూ వాడికి బయటివాళ్ళయిపోతారు. ఈ శనివారం వాడి దగ్గరికి వెళ్ళండి. భోజనానికి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడండి. మొహంలో నిద్రలేమి కనిపిస్తోందా, మోకాళ్ళ మీద కమిలిన గుర్తులున్నాయా, ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాడా. అలాంటివి కనిపిస్తే, బలవంతంగా తాగిస్తున్నారని, కొడుతున్నారని, నిద్ర పోనివ్వడం లేదని తెలిస్తే, అప్పుడు మాన్పించండి, సందేహం వద్దు. ప్లెడ్జింగ్ మధ్యలో మానుకోవచ్చు, రెండు లైన్ల ఈమెయిల్ చాలు. అది వాడితోనే రాయించి, కాపీ గ్రీక్ లైఫ్ ఆఫీసుకు పంపించండి. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయాలంటే జాతీయ హేజింగ్ వ్యతిరేక హాట్‌లైన్ 1-888-668-4293 ఉంది. ఆపద కళ్ళెదుట ఉంటే మాత్రం 911కే చెయ్యండి. అవేవీ లేకుండా పిల్లాడు హుషారుగా ఉండి, కొత్త స్నేహితుల గురించి తనంతట తాను కబుర్లు చెప్తే, ఉండనివ్వండి. బిగ్ లిటిల్ రాత్రి ఏ తేదీనో అడిగి తెలుసుకోండి. ఆ రాత్రి మీ ఇద్దరిలో ఒకరు ఫోను పక్కన పెట్టుకుని మేలుకుని ఉండండి.