మే అంతా లాన్ కోయలేదు, అయినా తేనెటీగలు రాలేదు: సమాధానం

తేనెటీగల కోసం మే అంతా కోయకుండా వదిలిన మీ ఒహాయో లాన్ మోకాలెత్తు పెరిగినా అవి రాకపోవడానికి కారణం బహుశా ఏప్రిల్‌లో చల్లిన 'వీడ్ అండ్ ఫీడ్' (కలుపుమందు కలిపిన ఎరువు) బస్తా. అది గడ్డిని వదిలేసి డాండెలైన్, తెల్ల క్లోవర్ లాంటి పూల మొక్కలను చంపుతుంది. పూలే లేనప్పుడు తేనెటీగలకు అక్కడ ఏం పని? ఎంత పెంచినా వట్టి పచ్చగడ్డే.

1. ముందు ఆ మందు మానేయండి. లాన్ కంపెనీకి చెప్పి కలుపుమందు ఆపించండి.

2. ఆగస్టు చివర్లో తెల్ల క్లోవర్ విత్తనం చల్లండి. వెయ్యి చదరపు అడుగులకు పావు పౌండు చాలు. అందరూ తప్పేది ఇక్కడే: గడ్డి మీద చల్లి ఊరుకుంటారు. విత్తనం ఆవగింజ కంటే చిన్నది, గడ్డిలోనే ఇరుక్కుపోతుంది. ముందు పొట్టిగా కోసి, మట్టి కనిపించేదాకా రేక్‌తో గట్టిగా గీకండి. చల్లాక కాలితో తొక్కి, మొలిచేదాకా తడి ఆరనివ్వకండి. మందు వేశాక ఎన్నాళ్లు ఆగాలో బస్తా మీదే ఉంటుంది, చూసుకోండి.

3. ఇప్పుడున్న గడ్డిని ఒకేసారి నేలమట్టం చేయొద్దు. మూడో వంతు చొప్పున, నాలుగైదు రోజుల తేడాతో తగ్గించండి.

4. వచ్చే ఏడాది నెలంతా వదలక్కర్లేదు. మసాచుసెట్స్‌లో 2018లో వచ్చిన అధ్యయనంలో రెండు వారాలకోసారి కోసిన లాన్లకే తేనెటీగలు ఎక్కువ వచ్చాయి. గడ్డి మరీ పెరిగిందని సిటీ నోటీసు ఇస్తుందేమోనన్న టెన్షన్ కూడా తగ్గుతుంది.