భీమవరం గాలిలో నానోట్యూబ్ సెన్సార్ రీడింగ్ ఎందుకు జారిపోతుంది?

వేలి వంపు సెన్సార్ అంటే వేలు వంగినప్పుడు సాగి, రెసిస్టెన్స్ మారే కార్బన్ నానోట్యూబుల (అతి సన్నని కార్బన్ గొట్టాల) పొర. ఏసీ ల్యాబ్‌లో నిలకడగా ఉన్న దాని రీడింగ్, రొయ్యల చెరువు గట్టు మీదికి తీసుకెళ్లగానే వేలు కదపకపోయినా మారుతోందంటే, ముందు ఎటు మారుతోందో చూడండి. రెసిస్టెన్స్ మెల్లగా పెరుగుతుంటే సాధారణంగా గాలిలో తేమ కారణం: కార్బన్ నానోట్యూబుల మీద చేరిన నీటి అణువులు వాహకతను తగ్గిస్తాయి. ఉన్నట్టుండి పడిపోతే చెమట. ఉప్పునీరు కదా, రెండు కాంటాక్టుల మధ్య కరెంటుకి అడ్డదారి వేస్తుంది.

మందు సీలింగే. పీడీఎంఎస్ (రబ్బరులా గట్టిపడే సిలికోన్) బేసు, దాన్ని గట్టిపరిచే క్యూరింగ్ ఏజెంటు 10:1 బరువులో కలిపి, వాక్యూమ్‌లో బుడగలు తీసి, కాంటాక్టులు కూడా మునిగేలా పల్చగా పోసి, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 గంటలు ఉంచండి. లేటెక్స్ గ్లోవ్స్ మాత్రం వద్దు. వాటిలోని గంధకం పీడీఎంఎస్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పనిచేయనివ్వదు, పూత జిగటగానే మిగిలిపోతుంది. వినైల్ గ్లోవ్స్ వాడండి.

పీడీఎంఎస్ చెమటను ఆపుతుంది గానీ ఆవిరిని పూర్తిగా ఆపదు. అందుకే సాగని చోట అలాంటిదే ఇంకో సెన్సార్ అతికించి రెండింటినీ హాఫ్ బ్రిడ్జిగా (రెండింటి మధ్య తేడానే చూపే సర్క్యూట్‌గా) కలపండి. తేమ, వేడి తెచ్చే మార్పు చాలావరకు రద్దవుతుంది. కాలిబ్రేషన్‌కి ముందు కనీసం వందసార్లు సాగదీయాలి, కొత్త పొర మొదటి సాగుళ్లలో ఎలాగూ మారుతుంది.

కార్బన్ బదులు వెండి నానోవైర్లా (అతి సన్నని వెండి తీగలా)? చెమటలోని క్లోరైడు, చెరువు అడుగు బురద వదిలే హైడ్రోజన్ సల్ఫైడు, రెండూ వెండిని తినేవే. ఇక్కడికి కార్బనే నయం.