సందేహాలు – సమాధానాలు: సిద్ధాంత వ్యాసంలో ‘నేను’

సందేహం: తెలుగులో పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. ‘నేను’ అని రాస్తే అహంకారంగా ఉంటుందని మా పర్యవేక్షకులు అంటున్నారు. ‘మేము’ అనాలా, ‘ఈ పరిశోధకురాలు’ అనాలా, ‘పరిశీలించబడింది’ అనాలా?

సమాధానం: అమ్మా, ‘నేను’ అన్నంత మాత్రాన అహంకారం అంటుకోదు. భాగవత అవతారికలో పోతన పద్యం చూడండి:

ఒనరన్ నన్నయ తిక్కనాది కవు లీ యుర్విన్ బురాణావళుల్
తెనుఁగుం జేయుచు మత్పురాకృత శుభాధిక్యంబు దా నెట్టిదో
తెనుఁగుం జేయరు మున్ను భాగవతమున్. దీనిం దెనింగించి నా
జననంబున్ సఫలంబు సేసెదఁ బునర్జన్మంబు లేకుండఁగన్.

పూర్వులెవరో చెప్పాడు. వారు ముట్టనిది ఏదో చెప్పాడు. తాను చేయబోయేది చెప్పాడు. పరిశోధన పీఠికకు ఇంతకన్నా ఏం కావాలి? ‘మత్’ (సంస్కృతంలో ‘నా’) అన్నాడు, ‘నా’ అన్నాడు. అయినా ఎంత వినయం! పూర్వులు భాగవతాన్ని వదిలేయడం తన పుణ్యమన్నాడు. ఇంకా గమనించండి, పద్యంలో ‘నేను’ అన్న మాటే లేదు. ‘సేసెదన్’ అన్న క్రియలోనే కర్త ఉన్నాడు. మన క్రియకున్న ఈ శక్తిని నేటి పరిశోధకులు మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. ‘సమాచారం సేకరించాను’ అంటే చాలు. ‘సమాచారం నాచేత సేకరించబడింది’ అని రాస్తారు! దాచాలనుకున్న ‘నేను’ ‘నాచేత’గా తిరిగి రానే వచ్చింది, వాక్యం మాత్రం కుంటుపడింది. ‘అనబడు’ వంటివి పాత కావ్యాల్లోనూ ఉన్నాయి, కాదనను. పుటపుటకూ ‘బడు’ తెలుగు కాదు.

నన్నయ తనను ‘నన్నయభట్టు’ అని ప్రథమ పురుషలో చెప్పుకొన్నాడు కనుక ‘పరిశోధకురాలు’ తప్పనలేను. కాని ఇతరుల పరిశోధనలను చర్చించేచోట ఆమె ఎవరో తెలియక పాఠకుడు తికమకపడతాడు. ఒక్కరే రాసి ‘మేము’ అనడం నాకు నచ్చదు; ఇద్దరు కలిసి రాస్తే అదే సరి. పాఠకుణ్ణి కలుపుకొని ‘మనం చూశాం’ అనవచ్చు. ‘చూశాం’ అన్న క్రియ ‘మేము’కూ ‘మనం’కూ ఒకటే కనుక, ఆ రెండింటిలో ఏదో తేలనిచోట సర్వనామం వదలకూడదు.

మీరు స్వయంగా సేకరించినదాన్నీ, పూర్వులతో విభేదించినదాన్నీ చెప్పేటప్పుడు ‘నేను’ అని రాయవచ్చనే నా అభిప్రాయం. మిగతా చోట్ల క్రియకే వదిలేయండి. మీ విశ్వవిద్యాలయ నియమావళి ఉత్తమ పురుషనే వద్దంటే మాత్రం దానికి లోబడక తప్పదు. అప్పుడు ‘ఈ అధ్యాయం పరిశీలిస్తుంది’ అనండి.