చంద్రుడి బండి పోటీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు అమెరికాలో నాసా నిర్వహించే రోవర్ పోటీ గురించి పత్రికలో చదివి, మనమూ ఒక బండి తయారు చేద్దామని నా వెంటపడుతున్నారు. ఆ పోటీ ఎలా ఉంటుంది? మా వంటి బడికి అది సాధ్యమేనా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కృష్ణా జిల్లా

జవాబు: మీ పిల్లలు చదివినది హ్యూమన్ ఎక్స్‌ప్లొరేషన్ రోవర్ ఛాలెంజ్ గురించి అయి ఉంటుంది. చంద్రుడిపై మనిషి కాలు మోపి పాతికేళ్లు నిండిన 1994లో, ఎనిమిది కళాశాల జట్లతో, గ్రేట్ మూన్‌బగ్గీ రేస్ అనే పేరుతో అది మొదలయింది. 1996లో ఉన్నత పాఠశాలల విద్యార్థులను కూడా చేర్చుకున్నారు. 2014 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది. పోటీ జరిగేది అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ నగరంలో. అపోలో 15, 16, 17 యాత్రల్లో వ్యోమగాములు చంద్రుడిపై నడిపిన బండి తయారీని పర్యవేక్షించిన మార్షల్ అంతరిక్ష కేంద్రం అక్కడే ఉంది.

ఈ పోటీలోని చాలా నిబంధనలకు మూలం ఆ బండే. దాదాపు 210 కిలోల ఆ వాహనాన్ని మడతపెట్టి, చంద్రుడిపై దిగే నౌక పక్కనున్న అరలో అమర్చి పంపారు. కాబట్టి పోటీలో కూడా బండిని మడిచినప్పుడు అయిదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుల్లో ఇమిడిపోవాలని నియమం పెట్టారు. ఇద్దరు విద్యార్థులు కూర్చుని, ఇంజను సాయం లేకుండా తమ కండబలంతోనే, గుంతలు, రాళ్లు, కంకర, ఏటవాలు దిబ్బలు ఉన్న సుమారు అర మైలు దారిలో దాన్ని నడుపుతూ, మధ్యమధ్య ఆగి కొన్ని శాస్త్రీయమైన పనులు పూర్తి చేయాలి. ఇటీవలి పోటీల్లో ఇందుకు ఎనిమిది నిమిషాల గడువు ఉంది. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కనుక, ఆ సంవత్సరపు నియమావళిని నాసా వెబ్‌సైటు నుంచి తీసుకుని, పిల్లలచేతనే మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివించండి.

అయితే ఏప్రిల్‌లో జరిగే పరుగు ఈ పోటీలో చివరి ఘట్టం మాత్రమే. అంతకు ముందు ఏడెనిమిది నెలల పాటు జట్లు ప్రతిపాదన పంపాలి, రూపకల్పనను సమీక్షకుల ముందు ఉంచాలి, ఆ తరువాత బండి పరుగుకు సిద్ధంగా ఉందని పరీక్షల ఫలితాలతో నిరూపించాలి. ఈ పైపు మందం ఇంతే ఎందుకు, ఈ కీలు ఇక్కడే ఎందుకు, ఇది విరిగితే చోదకుడికి ఏమవుతుంది అనే ప్రశ్నలన్నిటికీ విద్యార్థులే జవాబు రాయాలి. బడి పిల్లలకు ఈ పోటీలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని నా దృఢమైన అభిప్రాయం.

ఇక సాధ్యాసాధ్యాల మాట. మన దేశం నుంచి జట్లు ఏళ్లుగా వెళ్తున్నాయి; 2024లో ముంబయిలోని కనకియా ఇంటర్నేషనల్ స్కూల్ జట్టుకు, తొలిసారి పాల్గొన్న జట్లలో ఉత్తమమైనదానికి ఇచ్చే బహుమతి దక్కింది. కాని ప్రభుత్వ పాఠశాలకు ప్రయాణ ఖర్చు, వీసాలు, బండి రవాణా నిజంగానే పెద్ద భారం. అందువల్ల మొదటి ఏడాది అమెరికా ప్రయాణాన్ని పక్కనపెట్టి, అదే నియమావళి ప్రకారం బడి ఆవరణలోనే ఒక బండి కట్టించండి. విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్, లేతు పని తెలిసినవారికి కొదవ లేదు. వారిని పిల్లలకు పని నేర్పడానికి పిలవండి, చేసిపెట్టడానికి మాత్రం పిలవకండి. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు తయారు చేయడానికి కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే ప్రయోగశాల) ఉంటే, 2025లో కొత్తగా చేర్చిన రిమోట్ కంట్రోల్ విభాగాన్ని కూడా పరిశీలించవచ్చు. అందులో బండిపై మనిషి కూర్చోనవసరం లేదు కాబట్టి ఖర్చూ ప్రమాదమూ తగ్గుతాయి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. ఈ పోటీలో గాలి నింపిన టైర్లు వాడకూడదట. గాలి లేకుండా చక్రం ఎలా పనిచేస్తుంది? మామూలు సైకిల్ చైను, పళ్ల చక్రాలు సరిపోతాయా? అమ్మాయిలు నడపవచ్చా?
– విద్యార్థిని, నల్లగొండ

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తప్పకుండా నడపవచ్చు. ఇద్దరు చోదకుల్లో ఒకరు అమ్మాయి, ఒకరు అబ్బాయి ఉండాలన్నది ఈ పోటీలో చాలా ఏళ్ల పాటు సాగిన పద్ధతి.

చంద్రుడిపై నడిచిన బండి చక్రాలకు రబ్బరు లేదు. జింకు పూత ఉన్న సన్నని ఉక్కు తీగలను వలలా అల్లి, ఆ వలపై టైటానియం పట్టీలను బాణపు మొనల ఆకారంలో అమర్చారు. బరువు పడినప్పుడు వల కొద్దిగా అణిగి నేలను పట్టుకునేది, పట్టీలు మెత్తటి ధూళిలో చక్రం దిగబడకుండా ఆపేవి. గాలి టైరు చేసే పని కూడా ఇదే: అణగడం, మళ్లీ పూర్వరూపానికి రావడం. ఆ గుణం మరో పదార్థం నుంచి వచ్చినా చాలు. బోరుబావుల్లో దింపే నల్లటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును అంగుళంన్నర, రెండంగుళాల వెడల్పున వలయాలుగా కోసి, ఒక గట్టి చక్రం చుట్టూ వరుసగా బోల్టులతో బిగిస్తే ప్రతి వలయమూ ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. దానిపై పాత టైరు పైపొరను పట్టీలుగా కోసి అతికిస్తే నేల మీద పట్టు కుదురుతుంది.

అలా చేసిన చక్రాన్ని బండికి బిగించే ముందు పరీక్షించాలి. చక్రాన్ని నిలువుగా నిలిపి, ఇరుసుపై పదేసి కిలోల చొప్పున బరువు పెంచుతూ, ప్రతిసారీ ఎన్ని మిల్లీమీటర్లు అణిగిందో కొలిచి గ్రాఫు గీయండి. బరువు తీసేశాక చక్రం పూర్వరూపానికి రాకపోతే ఆ పదార్థం పనికిరాదు. మరీ మెత్తగా ఉంటే మీ కాళ్ల బలమంతా చక్రాన్ని నలపడానికే ఖర్చవుతుంది. మరీ గట్టిగా ఉంటే ప్రతి రాయి దెబ్బా చట్రానికి, మీ నడుముకు తగులుతుంది.

ఇప్పుడు చైను సంగతి. సాధారణ సైకిల్లో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. చదునైన రోడ్డుకు అది బాగుంటుంది కాని దిబ్బ ఎక్కడానికి పనికిరాదు. లెక్క వేసి చూద్దాం. ఇద్దరు చోదకులు, బండి కలిపి 180 కిలోలు అనుకుంటే మొత్తం భారం సుమారు 1764 న్యూటన్లు. 15 డిగ్రీల ఏటవాలుపై వెనక్కి లాగే బలం అందులో 0.26 వంతు, అంటే దాదాపు 457 న్యూటన్లు. కంకరలో చక్రానికి ఎదురయ్యే నిరోధం భారంలో పదోవంతు అనుకుంటే మరో 175 చేరి, మొత్తం 630 దాటుతుంది. చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లయితే దాన్ని తిప్పడానికి సుమారు 190 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. 17 సెంటీమీటర్ల పెడల్ కాడపై ఒక్కొక్కరు 300 న్యూటన్ల బలంతో తొక్కితే, అది కూడా కొద్ది క్షణాలే సాధ్యం, ఇద్దరూ కలిసి ఇచ్చే టార్క్ సుమారు 100 న్యూటన్ మీటర్లు మాత్రమే. అందువల్ల దిబ్బ ఎక్కేటప్పుడు పెడల్ రెండు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేలా అమర్చుకోవాలి. అంటే పెడల్ వైపు చిన్న పళ్ల చక్రం, ఇరుసు వైపు దానికి రెట్టింపు పళ్లున్న పెద్ద చక్రం ఉండాలి.

కాని ఆ ఒక్క అమరికతోనే దారంతా నడిపితే, నిమిషానికి 60 చుట్లు తొక్కినా బండి నిమిషానికి 56 మీటర్లే కదులుతుంది, 800 మీటర్ల దారికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. గడువు ఎనిమిది నిమిషాలే. పెడల్‌కు ఒకటి, చక్రానికి ఒకటి అన్న నిష్పత్తిలో నిమిషానికి 113 మీటర్లు పోవచ్చు. కాబట్టి కనీసం రెండు గేర్లు ఉండాలి. బండి బరువు తగ్గించిన ప్రతి కిలో దిబ్బ దగ్గర మీకు మేలు చేస్తుంది. మీ జట్టు బరువులతో, మీ చక్రం కొలతలతో ఈ లెక్కను మళ్లీ చేసి, రూపకల్పన నివేదికలో చేర్చండి.

ప్రశ్న: ఒక శిక్షణ సంస్థవారు రుసుము చెల్లిస్తే బండిని తామే తయారు చేయించి, మా అబ్బాయిని జట్టులో చేర్చుకుని పోటీకి తీసుకువెళ్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఒప్పుకోవద్దు. బండి విద్యార్థులదై ఉండాలన్నదే ఈ పోటీకి ప్రాణం. పెద్దలు తయారు చేసిన బండిని నడిపి వచ్చిన పిల్లవాడికి ప్రయాణం మిగులుతుంది గాని పని రాదు. అంతకుమించి, సమీక్షకులు వేసే ప్రశ్నలకు అతడు జవాబు చెప్పలేక తలవంచుకోవలసి వస్తుంది. ఆ బాధ పిల్లలకు పెట్టకూడదు.

ఏ సంస్థ అయినా ముందుకు వస్తే మూడు సంగతులు అడగండి: చట్రం కొలతలు ఎవరు నిర్ణయిస్తారు, రంపం, డ్రిల్లు ఎవరి చేతిలో ఉంటాయి, నివేదిక ఎవరు రాస్తారు. వెల్డింగ్ వంటి ప్రమాదకరమైన పని నిపుణుల చేతిలో ఉండటం సబబే. మిగిలినవన్నీ పిల్లలే చేస్తారని చూపించగలిగితే అప్పుడు ఆలోచించవచ్చు. మీ అబ్బాయి ఇంకా చిన్న తరగతిలో ఉంటే, వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ ఇండియా బడి పిల్లల కోసం నడిపే ఎ వరల్డ్ ఇన్ మోషన్ కార్యక్రమం గురించి వాళ్ల పాఠశాలలో అడగండి. అందులో కాగితపు తెరచాప పడవ, బెలూను గాలితో నడిచే బొమ్మ బండి పిల్లలే రూపొందించి, కొలిచి, సరిదిద్దుకుంటారు.